దయగల హెడ్మాస్టరు బదిలీ అయితే?

"మా బడికి ఈ ఏడు మంచి హెడ్మాస్టరు వచ్చాడమ్మా" అని తల్లులు చెబితే వినడానికి సంతోషంగా ఉంటుంది. ఆ మంచి ఏమిటని అడిగితే, పిల్లల్ని కసరడనీ, ఆలస్యంగా వచ్చినవాళ్లని గేటు బయట నిలబెట్టడనీ, మాసిన బట్టలతో వచ్చిన పిల్లని కూడా పేరు పెట్టి పిలుస్తాడనీ చెబుతారు. రెండు మూడేళ్ల తర్వాత అదే పేటకు వెళితే "ఆయనకి బదిలీ అయిందమ్మా, ఇప్పుడంతా మామూలే" అంటారు. ఆ "మామూలే" అన్న మాట వెనక ఎంతమంది పిల్లలు బడి మానేశారో ఎవరి దగ్గరా లెక్క ఉండదు. మన రాష్ట్రంలో హెడ్మాస్టర్లకు ఒకచోట అయిదేళ్లు నిండితే బదిలీ తప్పనిసరి. అంటే పిల్లల మీద దయ కూడా అయిదేళ్లకోసారి సామాను సర్దుకుని వెళ్లిపోతుందన్నమాట.

మహిళా సంఘం పని మీద తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల బడులకు చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. బడి పెద్దకి కరుణ ఉండాలా అంటే ఉండి తీరాలనే నేనూ అంటాను. కానీ ఆ కరుణ ఆయన స్వభావంగానో, ఆమె మంచితనంగానో మిగిలిపోయినంత కాలం పిల్లలకు అది భిక్షే. భిక్ష వేసే చెయ్యి ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు. కరుణ బడి పద్ధతిగా మారాలి. హాజరు పట్టీలో, టైంటేబుల్లో, భోజనాల వరసలో, కమిటీ మినిట్సు పుస్తకంలో అది కనపడాలి. బడి పెద్ద వెళ్లిపోయాక అక్కడ ఏం మిగిలిందన్నదే ఆ కరుణకు కొలత. ఈ మాట నేను పుస్తకాల్లోంచి చెప్పడం లేదు. ఈ మూడు ఊళ్ల చుట్టూ ఉన్న చరిత్రే నాకు ఈ సంగతి చెప్పింది.

తెనాలి జంక్షను నుంచి ఒక రైలు మార్గం చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా బాపట్ల చేరి, అక్కడి నుంచి స్టువర్టుపురం దాటి చీరాల వైపు పోతుంది. 1916లో వేసిన ఇంకో మార్గం వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్లి రేపల్లెలో ఆగిపోతుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోగా, బాపట్ల, రేపల్లెలు కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. కాలువ నీళ్లతో వరి, దాని వెనక మినుము, మొక్కజొన్న పండే డెల్టా ఇది. చదువుకీ, నాటకానికీ, పత్రికలకీ పేరుపడ్డ ప్రాంతం. అయితే ఆ చదువు ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో కూడా ఈ రెండు రైలు మార్గాల వెంటే చూడవచ్చు.

ముందు స్టువర్టుపురం సంగతి చూద్దాం. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను తెచ్చి బాపట్ల దగ్గర సెటిల్మెంటులో ఉంచారు. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. ఊరికి పెట్టింది ఒక తెల్లదొర పేరు. నడిపినవాళ్లు తమ పనిని సేవ అనుకున్నారు, దయ అనుకున్నారు. పిల్లలకు చదువు చెప్పడం కూడా ఆ సేవలో భాగమే. కానీ అదే 1911 చట్టం, ఈ తెగల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. తల్లిని అడగనక్కరలేదు. బిడ్డను అడగనక్కరలేదు. హక్కులేని వాళ్ల మీద అధికారం ఉన్నవాళ్లు చూపించే దయ ఎక్కడిదాకా పోగలదో తెలుసుకోవాలంటే మనం దూరదేశాలు చూడనక్కరలేదు. బాపట్ల తర్వాతి స్టేషనులో దిగితే చాలు.

ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు స్టువర్టుపురం వెళ్లి, అక్కడి మనుషులతో మనుషులుగా మాట్లాడి పనిచేశారు. హేమలత మహాకవి జాషువా కూతురు. అంటరానితనం ఏమిటో ఇంట్లోనే తెలిసిన మనిషి. చట్టం పోయింది కానీ ముద్ర పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతో సినిమాలు వచ్చాయి. 2023లో మళ్లీ ఆ ఊరి దొంగ కథ అంటూ ఇంకో సినిమా వచ్చింది. పెద్దవాళ్లు చూసి మర్చిపోతారు. ఆ ఊరి పిల్ల మాత్రం మర్నాడు బడికి ఆ పేరు మోసుకుని వెళ్లాలి. తరగతిలో ఒక పెన్ను పోయినా, పది రూపాయలు పోయినా ముందు ఎవరి సంచీ వెతుకుతారు? ఈ ప్రశ్న నేను చాలామంది టీచర్లను అడిగాను. కొందరు నవ్వేశారు, కొందరు తలదించుకున్నారు.

ఇక్కడ బడి పెద్ద చెయ్యగలిగింది చాలా ఉంది. "పాపం, వాళ్ల పిల్లలు" అని జాలిపడటం కాదు నేను చెప్పేది. ఏ పిల్ల సంచీనీ తరగతి ముందు వెతకకూడదని స్టాఫు మీటింగులో తీర్మానం చేసి, పుస్తకంలో రాసి, అందరి చేతా సంతకం పెట్టించవచ్చు. పిల్లల్ని ఊరి పేరుతో, కులం పేరుతో పిలవకూడదని నియమం పెట్టవచ్చు. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు. రాసి ఉన్న నియమాన్ని కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు కూడా కొట్టెయ్యాలంటే నలుగురి ముందూ కొట్టెయ్యాలి. అది అంత తేలిక కాదు. జాలిని వదిలేయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు పై కులం వాడికి తగిలిందన్న గొడవ నుంచి మొదలై సాంఘిక బహిష్కరణ దాకా, చివరికి హత్యాకాండ దాకా పోయింది. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని బాధితులు పట్టుబట్టి సాధించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చుండూరు దళితుల్లో చదువుకున్నవాళ్లు, రైల్వే ఉద్యోగాలు చేసేవాళ్లు ఉండటం, వాళ్లు తలవంచుకుని నడవకపోవడమే పెత్తందార్లకు కంటగింపైందని అప్పట్లోనే చాలామంది రాశారు. అంటే ఈ ప్రాంతంలో దళితుల పిల్ల బడికి వెళ్లడం ఎప్పుడూ మామూలు సంగతి కాదు. ఊళ్లో ఉన్న కులమంతా బడి గేటు దాటి లోపలికి వస్తుంది. తరగతిలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, గది ఎవరు ఊడుస్తున్నారు, టీచరుకి మంచినీళ్లు ఎవరు తెస్తున్నారు, మరుగుదొడ్డి కడగమని ఎవరికి చెబుతున్నారు అన్నది చూస్తే చాలు. ఊడ్చే పని ఆడపిల్లలకీ, అందులోనూ పేట ఆడపిల్లలకీ పడుతుంది. ఇది ఎవరూ ఆదేశించరు. ఎవరూ ఆపరు కూడా. ఆపవలసింది బడి పెద్ద.

మధ్యాహ్న భోజనం సంగతి తీసుకోండి. వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి మొదలైంది. వంటవాళ్లుగా దళిత, గిరిజన స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న కోర్టు మళ్లీ చెప్పింది. అయినా "వాళ్లు వండితే మా పిల్లలు తినరు" అనే మాట అక్కడక్కడా వినపడుతూనే ఉంటుంది. ఆ మాట వచ్చినప్పుడు "గొడవెందుకు, వంటామెను మార్చేద్దాం" అనే హెడ్మాస్టరు తాను శాంతి కాపాడుతున్నాననుకుంటాడు. ఆయన కాపాడింది అంటరానితనాన్ని. తెనాలి దగ్గర ఒక బడిలో హెడ్మిస్ట్రెస్ వేరే దారి పట్టింది. రోజూ ఒక టీచరు పిల్లల వరసలో కూర్చుని అదే అన్నం తినాలని వంతు రాసి వంటగది తలుపుకి అతికించింది. మొదటి వారమంతా తన పేరే రాసుకుంది. ఉపన్యాసం చెప్పలేదు. ఎవరి ఇంటికీ వెళ్లి బతిమాలలేదు. ఆమె బదిలీ అయి నాలుగేళ్లు దాటింది. కాగితం చిరిగితే కొత్తది అతికిస్తున్నారు, వంతు నడుస్తోంది. నేను కొలత అన్నది దీన్నే.

రేపల్లె వైపు పేదరికం ముఖం వేరు. నిజాంపట్నం తీరం దాకా రొయ్యల చెరువులు, వాటి గట్ల మీద కాపలా ఉండే యానాది కుటుంబాలు. పీతలు పట్టడం, పొలాల్లో ఎలకలు పట్టడం, చెరువు కాపలా, పని లేనప్పుడు వలస. తల్లిదండ్రులు ఎక్కడ ఉంటే పిల్లలు అక్కడే. కృష్ణ ఒడ్డున కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంక గ్రామాలున్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు ప్రకాశం బ్యారేజి దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి లంకలను ముంచింది. ఇల్లు మునిగినప్పుడు ముందు పోయేవి కాగితాలు. పుట్టిన తేదీ కాగితం, కుల ధ్రువీకరణ, ఆధార్ కార్డు, టి.సి. ఆ కాగితాలు లేని తల్లి బడికి వెళితే "తెచ్చుకుని రామ్మా" అని పంపేస్తారు. ఆ తల్లి మళ్లీ రాదు.

చట్టం ఏం చెబుతోందో మన కార్యకర్తలందరికీ నోటికి వచ్చి ఉండాలి. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వయసు ధ్రువీకరణ లేదని ఏ బిడ్డకీ ప్రవేశం నిరాకరించకూడదని 14వ సెక్షను చెబుతుంది. గడువు దాటి వచ్చినా చేర్చుకోవాలని 15వ సెక్షను. బడి మానేసిన పిల్లని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షను. టి.సి. ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోవడం ఆపకూడదనీ, టి.సి. ఇవ్వడంలో ఆలస్యం చేసే హెడ్మాస్టరు మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చనీ 5వ సెక్షను. కొట్టడం, మానసికంగా వేధించడం 17వ సెక్షను కింద నిషేధం. పిల్లలు భయం లేకుండా చదువుకోవాలని కూడా 29వ సెక్షనులో రాశారు. ఇంత రాసి ఉన్నా, ఒకచోట పనికి వలసపోయి నాలుగు నెలలకు తిరిగొచ్చిన పదేళ్ల పిల్లని "పేరు కొట్టేశాం, ఇక్కడ ఖాళీ లేదు" అని పంపించేయడం నేను చూశాను. చట్టం ఢిల్లీలో పుట్టినా దాని బతుకూ చావూ హెడ్మాస్టరు బల్ల దగ్గరే.

రేపల్లె వైపే ఇంకో చిన్న బడిలో ఒక ఉపాధ్యాయిని వలస పుస్తకం అని ఒక నోటుబుక్కు పెట్టింది. ఎవరి కుటుంబం ఎటు వెళ్లింది, ఏ పనికి, ఎప్పుడు తిరిగొస్తారు, ఎవరి ఫోనుకి చేస్తే దొరుకుతారు అన్నీ అందులో ఉంటాయి. ఎక్కువ రోజులు రాలేదని హాజరు పట్టీలో పేరు కొట్టెయ్యదు, ఆ కుటుంబం వెళ్లిన చోట దగ్గర్లో ఉన్న బడికి ఫోను చేస్తుంది. తిరిగి వచ్చిన రోజు "ఇన్నాళ్లు ఏమైపోయావే?" అని అడగదు. "వచ్చావా, కూర్చో తల్లీ" అంటుంది. ఆ పిలుపు ఆమె మనసులోది. ఆ పుస్తకం మాత్రం బడిది. బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించే వస్తువుల జాబితాలో బల్లలు, కుర్చీలు, బీరువాలతో పాటు ఆ పుస్తకాన్నీ రాయించింది. తర్వాత వచ్చినాయన అంత మెత్తని మనిషేమీ కాదని విన్నాను. అయినా పుస్తకం చేతిలో ఉంది కాబట్టి ఫోన్లు చేస్తున్నాడు.

ఆడపిల్లల విషయానికొస్తే కరుణ అన్న మాటే కొన్నిసార్లు ఆపద అవుతుంది. 2023 జూన్ 16న రేపల్లె దగ్గర చెరుకుపల్లి మండలంలో, అక్కను వేధించవద్దని అడిగినందుకు పదో తరగతి చదివే పిల్లవాడిని ట్యూషనుకి వెళుతుండగా పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఆడపిల్లల తల్లుల మనసు ఎలా ఉంటుందో మనం ఊహించగలం. వేధింపు మొదలవగానే ఇంట్లోనూ బడిలోనూ వచ్చే సలహా ఒకటే: "కొన్నాళ్లు పిల్లని ఇంట్లో పెట్టుకోండి." చెప్పేవాళ్లు పిల్ల మేలు కోరే చెబుతారు. కానీ కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లు? ఇంట్లో కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్లకు తర్వాత వచ్చేది పెళ్లిచూపులే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. పైగా విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల వయసుతో ఆగిపోతుంది. సరిగ్గా ఆడపిల్లకి రక్షణ కావలసిన వయసులో చట్టం చెయ్యి వదిలేస్తుంది. తొమ్మిది, పది తరగతుల్లో ఆ పిల్లని పట్టుకోవలసింది బడి పెద్దే.

కాబట్టి ఫిర్యాదు చేసిన పిల్ల బడిలో ఉండాలి, దారి మార్చుకోవలసింది వేధించినవాడు. ఇది బడి నియమం కావాలి. పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినప్పుడు పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం ఎవరికైనా విధి. సంస్థకు పెద్దగా ఉండి, తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెడితే జైలుశిక్ష ఉంది. "బడి పరువు పోతుంది, పిల్ల భవిష్యత్తు పాడవుతుంది" అని సర్దిచెప్పే పెద్దమనిషి తరహా దయ ఇక్కడ నేరం. పిల్ల పేరు బయటికి రాకూడదు. ఆమె మాట ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటనో, వీలైనంతవరకు మహిళా అధికారి యూనిఫారం లేకుండా వచ్చి రాసుకోవాలి. ఇవన్నీ తెలిసిన హెడ్మిస్ట్రెస్ ఒక్కర్తె ఉంటే తల్లులకు ఎంత ధైర్యమో చెప్పలేను.

అంగవైకల్యం ఉన్న పిల్లల సంగతి మన సంఘాల్లోనే తక్కువగా మాట్లాడుకుంటాం. 1994లో స్పెయిన్ దేశంలోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూడి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు కూడా అందరితో పాటు ఊరి బడిలోనే చదవాలని ప్రకటించారు. మన దేశంలో 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం వాటిని 21కి పెంచింది. తీవ్రత నలభై శాతం, ఆపైన ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు హక్కు ఇచ్చింది. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఊళ్లో మాత్రం ఏం జరుగుతోంది? ఎదిగిన బిడ్డను చంకనెత్తుకుని బడికి మోసేది తల్లి. కూలి పోగొట్టుకుని మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చునేదీ తల్లే. ఏడో తరగతి మేడ మీద ఉంటే ఆ పిల్ల చదువు ఆరో తరగతితో సరి. ఆ తరగతిని కింది గదిలోకి మార్చడానికి ఏ జీవో అక్కర్లేదు, ఒక జూన్ నెల ఉదయం అరగంట పని. అడిగితే "ఒక్క పిల్ల కోసం తరగతంతా మార్చాలా?" అంటారు. అవును, ఒక్క పిల్ల కోసమే మార్చాలి.

ఇంత చెప్పాక, హెడ్మాస్టర్ల వైపు నుంచి వచ్చే మాట కూడా న్యాయంగా వినాలి. "మాకు టైమెక్కడుంది మేడమ్? హాజరు ఫొటో, భోజనం ఫొటో, కోడిగుడ్ల లెక్క, యాప్‌లో ఎక్కించడంతోనే పొద్దు గడిచిపోతుంది" అంటారు. అబద్ధం కాదు. కొన్నేళ్ల పాటు మరుగుదొడ్ల ఫొటోలు కూడా వాళ్ల చేతే తీయించారు. చిన్న బడుల్లో హెడ్మాస్టరు, టీచరు, గుమాస్తా అన్నీ ఒక్కరే. ఇంకొకటి కూడా ఉంది. పదో తరగతి ఫలితాల శాతం చూసి బడిని మెచ్చుకునే పద్ధతి ఉన్నంత కాలం, వెనకబడిన పిల్లని ఎలా వదిలించుకోవాలా అన్న ఆలోచన బడి పెద్దకి వస్తూనే ఉంటుంది. పై అధికారి ఏ లెక్క అడిగితే కింది వాళ్లు ఆ లెక్కే చూసుకుంటారు. ఎంతమంది పాసయ్యారని అడిగే ఎం.ఇ.ఓ., ఆరో తరగతిలో చేరినవాళ్లలో ఎంతమంది పదో తరగతి దాకా ఉన్నారని కూడా అడగాలి. కరుణ కింది వాళ్లకి మాత్రమే ఉండవలసిన గుణం కాదు.

స్త్రీలుగా మనం గమనించవలసిన ప్రమాదం మరొకటి ఉంది. హెడ్మిస్ట్రెస్ అనగానే "మీరు తల్లి లాంటివారు" అంటారు. హెడ్మాస్టరుని మాత్రం "మంచి అడ్మినిస్ట్రేటరు" అంటారు. ఏడ్చే పిల్లని ఓదార్చడం, నెలసరి వచ్చిన పిల్లకి గుడ్డ చూసివ్వడం, రాని పిల్ల ఇంటికి సాయంత్రం వెళ్లి రావడం, ఇవన్నీ ఆడ టీచర్ల సహజ గుణం కింద జమకట్టి, పనిగా లెక్కపెట్టరు. ఇంట్లో మన చాకిరీని ప్రేమ అని పిలిచినట్టే బడిలో చాకిరీని కరుణ అని పిలుస్తున్నారు. ఇది పితృస్వామ్యం పాత ఎత్తే. కరుణ పని. దానికి సమయం కావాలి, మనిషి కావాలి, డబ్బు కావాలి. మగ హెడ్మాస్టర్లకూ అది అంతే విధి. ఇలా అడగకపోతే బడిలో పిల్లల్ని కలుపుకుపోవడమనే బాధ్యత కూడా చివరికి కొందరు ఆడ టీచర్ల భుజాల మీదే పడుతుంది.

అయితే మనం ఏం చెయ్యాలి? విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి యాజమాన్య కమిటీలో మూడొంతులకు పైగా, అంటే నూటికి 75 మంది, తల్లిదండ్రులుండాలి. సగం మంది స్త్రీలుండాలి. బలహీన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల పిల్లల సంఖ్యకు తగ్గ స్థానం ఉండాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల మహా సమావేశాలు పెట్టినప్పుడు ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకే వచ్చారు. మంచిదే. కానీ రోజు కూలి పోతే పొయ్యి వెలగని తల్లి సమావేశానికి ఎలా వస్తుంది? కమిటీ సమావేశం సాయంత్రం పేటలో పెట్టమని, యానాది కాలనీలో పెట్టమని మనం అడగాలి. వేలిముద్ర వేయించే ముందు మినిట్సు చదివి వినిపించమని అడగాలి.

ప్రతి జూన్‌లో మన కార్యకర్తలు దగ్గర్లోని బడికి వెళ్లి కొన్ని ప్రశ్నలు అడిగితే చాలని నా అభిప్రాయం. నిరుడు ఉండి ఈ ఏడు రాని పిల్లలెవరు, వాళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి? కాగితాలు లేవని ఎవరినైనా వెనక్కి పంపారా? గది ఊడ్చే వంతులో మగపిల్లల పేర్లు ఉన్నాయా, అన్ని కులాల వాళ్లూ ఉన్నారా? పిల్లలతో కలిసి ఏ టీచరు అన్నం తింటున్నారు? నడవలేని పిల్ల తరగతి ఏ అంతస్తులో ఉంది? వేధింపు జరిగితే పిల్ల ఎవరితో చెప్పాలో గోడ మీద రాసి ఉందా? వెళ్లిపోయే హెడ్మాస్టరు వచ్చే హెడ్మాస్టరుకి ఈ పిల్లల జాబితా అప్పగించారా? వీటిలో ఏ ఒక్కటీ జాలి చూపమని అడగడం కాదు. జవాబు చెప్పమని అడగడం. అదే సమయంలో, మంచిగా చేస్తున్న హెడ్మాస్టరు మీద ఊరి పెద్దలు ఒత్తిడి తెచ్చినప్పుడు ఆయన పక్కన నిలబడవలసిన బాధ్యత కూడా మనదే. వంతు భోజనం పెట్టినందుకు, వేధించిన పెద్దింటి పిల్లాడి మీద ఫిర్యాదు రాసినందుకు హెడ్మిస్ట్రెస్‌ని ఒంటరిని చేస్తే, రేపు ఇంకెవరూ ఆ పని చెయ్యరు.

ఈ పని మనకి కొత్తేమీ కాదు. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మ 1931లోనే స్త్రీ హితైషిణీ మండలి స్థాపించారు. తెనాలిలో బాల్యం గడిపి, తర్వాత స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఊరూరూ తిరిగిన చలం, పిల్లల్ని కొట్టి లొంగదీసే పెంపకం మీద 'బిడ్డల శిక్షణ' రాశారు. తొంభై ఏళ్లుగా ఈ నేల మీద పిల్లల గురించీ స్త్రీల గురించీ మాట్లాడుతూనే ఉన్నాం. ఆ మాటలు బడి పుస్తకాల్లోకి, చార్జి లిస్టుల్లోకి, గోడల మీదికి ఎక్కించడం మిగిలింది. ఈ ఏడు బదిలీల జాబితా రాకముందే, మీ ఊరి బడిలో అప్పగింతల కాగితం ఎలా ఉందో ఒకసారి అడిగి చూడండి. బల్లలు ఎన్ని, బీరువాలు ఎన్ని అని దాని మీద ఎలాగూ ఉంటుంది. పిల్లల పేర్లు కూడా ఉండేటట్టు చూడండి.